పొడి వేయని మిషన్‌లో నురగ

2023 చలికాలం. మదనపల్లెలో ఖాదర్ బాషా అనే ఆయన గృహోపకరణాల అంగడిలో నేను డెమో పనిలో ఉన్నాను. డెమో అంటే మిషన్ కొన్నవాళ్ల ఇంటికి పోయి, దాన్ని ఎట్లా వాడాలో చేసి చూపించి రావడం. నా వంతుకు వచ్చినవి డిష్‌వాషర్లు, అంటే గిన్నెలు కడిగే మిషన్లు. అంతకుముందు నా వయసంతా కల్యాణ మండపాల్లో బోకులు తోమడంలోనే గడిచింది. వండిన సామాన్లను, తిన్న తట్టలను మా పక్క బోకులు అంటాం. మోకాళ్లు అరిగాక కింద కూర్చునే పని చేతకాలేదు. అప్పుడు ఖాదర్ సాబు పిలిచాడు.

“టై కట్టుకున్న పిల్లోడు పోతే ఆడోళ్లు హాల్లోనే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పంపిస్తాండారక్కా. మిషన్ వంటింట్లో, వాడు హాల్లో. ఏం డెమో అది? నువ్వు పో. బోకుల సంగతి నీకు చెప్పేదేముండాది?” అన్నాడు.

ఒకప్పుడు పెరటి గేటు నుంచి వచ్చి పెరటి గేటునే పోవాల్సిన ఇళ్లలోకి, ఇప్పుడు ముందు వాకిలి నుంచి పోయి వంటింట్లో మిషన్ తలుపు తీసి చూపిస్తున్నాను. దాని గురించి చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. చదువు నాకు యాభై దాటాక వచ్చింది. మా వీధి టీచరమ్మ సాయంత్రాలు నేర్పింది. పొట్లాల మీద ఏం రాసుందో తెలియాలని నేర్చుకున్నాను. ఇప్పటికీ నేను ఎక్కువగా చదివేది పొట్లాలే.

నన్ను చూసిన ప్రతి ఇల్లాలూ మొదట అడిగేది ఒకటే, “ఏ పొడి మంచిది?” అని. కాబట్టి ముందు అది చెప్పేస్తాను. డిష్‌వాషర్‌లో వేసే సబ్బు మూడు రూపాల్లో వస్తుంది. పొడి, టాబ్లెట్ అనే బిళ్ల, జెల్. పొడిలో ఉన్న సుఖం ఏమిటంటే, సామాన్లు తక్కువుంటే తక్కువ, జిడ్డు ఎక్కువుంటే ఎక్కువ వేసుకోవచ్చు. కాకపోతే చెమ్మ తగిలితే గడ్డకడుతుంది. తడి చేత్తో స్పూను పెట్టని వంటిల్లు నేను చూడలేదు. టాబ్లెట్‌కు కొలత అక్కర్లేదు, ఎవరైనా వేయొచ్చు. అయితే సగం మిషన్‌కూ అదే బిళ్ల, నిండు మిషన్‌కూ అదే బిళ్ల. తొందర ప్రోగ్రాం పెడితే కరగకుండా ముద్దగా మిగిలిపోవడమూ ఉంది. జెల్ గాజు గ్లాసులకు బాగుంటుంది. సంగటి అంటుకుని ఎండిపోయిన వంట సట్టి మీద మాత్రం దాని ఆటలు సాగలేదు, నేను చూసినంతలో.

కొన్నింటిలో ఎంజైమ్‌లు ఉంటాయి. గంజిని, కొవ్వును విరగ్గొట్టే పదార్థాలు అవి. రాగి సంగటి, పప్పు తినే ఇళ్లకు అవి ఉన్న పొడే నయం. ప్లాస్టిక్ డబ్బా మీద పసుపు మరకను ఏదీ పూర్తిగా తీయదు. తీస్తుందని చెప్పేవాణ్ని నమ్మొద్దు. అల్యూమినియం సామాను ఏ సబ్బుకైనా నల్లబడుతుంది, దాన్ని అసలు లోపల పెట్టకూడదు.

సబ్బు కాక ఇంకా రెండు సరుకులు కావాలి. ఒకటి సాల్ట్. అది కూరలో వేసే అయోడిన్ ఉప్పు కాదు, మిషన్ కోసమే అమ్మే గళ్ల ఉప్పు. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. దాన్ని హార్డ్ వాటర్ అంటారు. మిషన్ అడుగున సాఫ్టెనర్ అని ఒక అర ఉంటుంది. ఈ ఉప్పుతో అది నీళ్లను మెత్తబరుస్తుంది. రెండోది రిన్స్ ఎయిడ్. చివరి నీళ్లు చుక్కలుగా నిలవకుండా జారిపోవడానికి వేసే ద్రవం. ఈ రెండూ లేకుండా ఎంత ఖరీదైన పొడి వేసినా గ్లాసు మీద మసక ఉంటుంది.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. అయినా పుంగనూరులో ఒక ఇంట్లో ఇవేవీ పనికి రాలేదు.

ఆ ఇంటామె పేరు సుజాత. బ్యాంకులో ఉద్యోగం. పొద్దున్నే పోతే దీపాలు పెట్టే వేళకు వస్తుంది. భర్త పని తిరుపతిలో, నెలకోసారి వచ్చి పోతాడు. ఇంట్లో పగలంతా ఉండేది అత్తగారు కృష్ణవేణమ్మ. ఇంటి పనికి మునెమ్మ అని ఒకామె, ఆ ఇంట్లో చాన్నాళ్లుగా చేస్తోంది. అదే మనిషి ఎదురింట్లోనూ చేస్తుంది. మిషన్ వచ్చాక మునెమ్మను మాన్పించలేదు సుజాత. తోమడం పోయింది, సామాన్లను మిషన్‌లో సర్ది తీయడం వచ్చింది.

ఆ ఇంటికి డెమో ఇచ్చింది నేనే. ఆ రోజు కృష్ణవేణమ్మ అన్నీ విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

“అన్ని బోకులకూ నీళ్లు యాడ చాలుతాయి చెంగమ్మా, ఆ చిన్న పెట్టెలో?”

“అవే నీళ్లను తిప్పి తిప్పి కొడతాది పెద్దమ్మా. అందుకే బిందెడు నీళ్లతో అయిపోతాది” అన్నాను. నీళ్ల కరువున్న ఊళ్లలో ఈ మాట చెబితే అందరి ముఖాలూ వెలుగుతాయి. ఆమె “అవే నీళ్లా” అని ఊరుకుంది. నేను టీ తాగి వచ్చేశాను.

కొన్ని వారాలకు సుజాత అంగడికి ఫోన్ చేసింది. గ్లాసుల మీద, స్టీలు తట్టల మీద తెల్లగా పొడి పట్టినట్టు ఉంటోందని, ముట్టుకుంటే చేతికి అంటుతోందని.

“నీళ్లే అక్కా. పుంగనూరు నీళ్లు. సాల్ట్ ఎక్కువ సెట్టింగ్ పెట్టి రా” అన్నాడు ఖాదర్ సాబు.

నేనూ అదే అనుకున్నాను. పోయి సాఫ్టెనర్ సెట్టింగ్ పెంచాను, ఉప్పు నింపాను, రిన్స్ ఎయిడ్ పోశాను. వారం తిరక్కుండానే మళ్లీ ఫోన్. అట్లనే ఉందని.

రెండోసారి పోయినప్పుడు ఒక తట్ట తీసుకుని తడి వేలితో గీశాను. వేలికి తెల్లగా వచ్చింది. నీళ్ల సున్నం అట్లా వేలికి రాదు. చింతపండు రసమో నిమ్మరసమో రుద్దితేనే వదులుతుంది. వేలికి వచ్చిందంటే అది సబ్బు, సరిగా కడుక్కుపోక మిగిలిపోయిన సబ్బు. అంటే నీళ్లది తప్పు కాదు, పొడిదే తేడా అయ్యుండాలని చెప్పాను.

“అయితే మూడు రకాలూ తెచ్చి నా ముందరే వేసి చూపించక్కా. ఏది బాగుంటే అదే కొంటా. ప్రతిసారీ ఒకటి కొని పారేసేది నా వల్ల కాదు” అంది సుజాత.

న్యాయమైన మాటే. ఆదివారం నాడు సంచిలో మూడూ వేసుకుని పొద్దున బస్సెక్కాను. టిఫిన్ సామాన్లకు పొడి, మధ్యాహ్నం అన్నం తిన్న సామాన్లకు టాబ్లెట్, వంట సామాన్లకూ గ్లాసులకూ సాయంత్రం పలారం తట్టలకూ కలిపి జెల్. మునెమ్మ ప్రతిసారీ పెరట్లో నుంచి తట్టలు గంపలో పెట్టి తెచ్చి మిషన్‌లో సర్దింది. చక్కగా సర్దింది, తిరిగే రెక్కలకు ఏదీ అడ్డం రాకుండా. తట్టలు తడిగా ఉండటం చూశాను. మెతుకులు దులిపి నీళ్లతో తొలిచి తెచ్చిందనుకున్నాను. చాలా ఇళ్లలో అట్లానే చేస్తారు. అవసరం లేదని చెబితే ఎవరూ వినరు, నేనూ చెప్పడం మానేశాను. నిమ్మకాయ వాసన వచ్చింది. మిషన్ సబ్బులన్నీ నిమ్మకాయ వాసనే వేస్తాయి కాబట్టి దాన్నీ పట్టించుకోలేదు.

పొడి వేసినా అదే తెలుపు. టాబ్లెట్ వేసినా అదే. జెల్ వేసినా అదే. మూడూ మూడు కంపెనీలవి. పొద్దుగూకింది, మూడు తట్టలు గట్టు మీద పక్కపక్కన పెట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఏ తట్ట ఏ సబ్బుదో గుర్తు పెట్టకపోతే నాకే తెలియదు, అంత ఒకేలా ఉన్నాయి.

అప్పుడు సుజాత నన్ను ముందు వసారాలోకి పిలిచింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

“అక్కా, నీకొకటి చెబుతాను. పొడిలో ఏం లేదు. మునెమ్మే ఏదో చేస్తాండాది.”

“ఏం చేస్తాది?”

“తెల్దు. తోమే సబ్బో, సోడానో ఏదో కలుపుతాండాది. మిషన్ వచ్చినప్పట్నుంచీ ముఖం అదో మాదిరి పెట్టుకోనుండాది. మొన్న ఒక పొద్దు రాలేదు ఆమె. మా అత్త కూడా బి.కొత్తకోటలో మా ఆడబిడ్డ ఇంటికి పోయింది. నేనే తిన్న తట్టలు తిన్నట్టే పెట్టి ఆన్ చేసినా. ఎట్లొచ్చినాయో తెలుసా? అద్దాలక్కా, అద్దాలు. మర్నాడు ఆమె వచ్చింది, మళ్లీ తెలుపు.”

“అడిగినావా?”

“అడిగినా. మిషన్‌లో ఏమన్నా వేస్తాండావా అంటే, ఏం వెయ్యలేదమ్మా అంటాది. నెలాఖరుకు మానేయమని చెప్పేసినా. ఎదురింటామెకు కూడా చెప్పినా, జాగ్రత్తగా ఉండమని. వాళ్లు కూడా మిషన్ కొనాలనుకుంటాండారు.”

నేను మునెమ్మ పక్షం తీసుకున్నానని అనుకోవద్దు. పని పోతుందన్న కోపంతో మిషన్ ఫిల్టర్‌లో పీచు కూరిన మనిషిని నేను చూశాను. ఆ మనిషిని తప్పు పట్టాలని కూడా నాకు అనిపించలేదు. కాబట్టి సుజాత చెప్పింది జరగరాని పనేమీ కాదు. పైగా రుజువు ఆమె దగ్గర ఉంది.

బస్టాండు దాకా మునెమ్మ నాతో నడిచింది. ఆమె ఇల్లు అటే.

“చెప్పు మునెమ్మా, ఏం చేస్తాండావు?” అన్నాను. నాకు చుట్టూ తిప్పి మాట్లాడటం రాదు.

“నువ్వు కూడా అదే అడుగుతాండావా అక్కా.”

“అడక్కుండా ఎట్లా తెలుస్తాది?”

“ఆ పెట్టెను నేనేమీ చెయ్యలేదు. నడుము నొప్పి తగ్గింది దాని వల్ల. నేనెందుకు చెడగొడతా?” కొంగు భుజం మీదికి లాక్కుంది. “ఈ ఇల్లు పోతే పోనీ. ఎదురింటామె నిన్న నేను పోతానే బీరువా తాళం తీసి నడుముకు చెక్కుకునింది. ఇన్నేండ్లలో ఎప్పుడూ అట్ల చెయ్యలేదక్కా. ఈ వీధిలో ఒక్క మాట బయల్దేరితే చాలు. ఇంగ నాకు పనెవురిస్తారు?”

“మరి ఉన్నదేదో చెప్పు సుజాతమ్మకు.”

“చెప్పేదానికేం లేదు” అంది. లేదు అన్న తీరు చూస్తే ఏదో ఉందనిపించింది. అంతలో మదనపల్లె బస్సు వచ్చింది.

తరువాతి వారం కుప్పం పోవలసి వచ్చింది. అక్కడ ఒంటరిగా కాపురముండే ఒక లెక్చరర్ మా అంగడిలోనే చిన్న సైజు డిష్‌వాషర్ కొన్నాడు. పొద్దున్నే ఆయన ఫోన్. “అక్కా, మిషన్‌కు పిచ్చి పట్టింది. నోట్లో నుంచి నురగ కక్కుతాండాది.”

పోయి చూస్తే వంటింటి నేలంతా నురగ. ఆయన పంచె ఎగ్గట్టుకుని చాటతో తోడుతున్నాడు.

“ఏం వేసినారు సారూ?”

“పొడి అయిపోయిందక్కా. సింకు కాడ లిక్విడ్ ఉంటే అది పోసినా. సబ్బు సబ్బే కదా, దానికేం తెలుస్తాదిలే అనుకున్నా.”

“దానికి తెలిసింది సారూ. మీకే ఇప్పుడు తెలిసింది.”

ఆయన నవ్వాడు, చాట నా చేతికిచ్చాడు. చేత్తో తోమే సబ్బును నురగ వచ్చేట్టే తయారు చేస్తారు. నురగ రాకపోతే మనం నమ్మం కదా. మిషన్ సబ్బును నురగ రాకుండా తయారు చేస్తారు. మిషన్ లోపల నీళ్లను తోసే పంపు ఉంటుంది. నురగ చేరితే అది నీళ్లకు బదులు గాలిని పీలుస్తుంది. రెక్కల్లో నుంచి నీళ్లు జోరుగా రావు. సామాన్లకు అంటుకున్న సబ్బు సామాన్ల మీదే ఎండిపోతుంది.

నేల తుడిచాక గ్లాసులు బయటికి తీశాను. వాటి మీద అదే తెల్ల మసక, వేలితో గీస్తే వేలికి వచ్చేది. పుంగనూరు తట్టల మీద చూసిందే.

తిరుగు బస్సులో దాని గురించే ఆలోచించాను. పుంగనూరు ఇంట్లో చేత్తో తోమే సబ్బు ఎట్లాగో లోపలికి పోతోంది. సుజాత అనుమానించింది సగం నిజమే. అయితే మిషన్ చెడగొట్టాలనుకున్న మనిషి నేను రోజంతా పక్కన నిలబడి చూస్తున్న ఆదివారం కూడా ఆ పని చేస్తుందా? అది కుదరలేదు నాకు. ఇంకొకటి కూడా కుదరలేదు. తట్టలు అద్దాల్లా వచ్చిన రోజున ఆ ఇంట్లో లేనిది మునెమ్మ ఒక్కతే కాదు. కృష్ణవేణమ్మ కూడా లేదు. సుజాత ఆ మాట తన నోటితోనే చెప్పింది, నేనూ విన్నాను, ఇద్దరమూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నెలాఖరుకు ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి. ఆ ఆదివారమే పుంగనూరు పోయాను. సుజాతకు ఒకే మాట చెప్పాను: మునెమ్మను రోజూ చేసినట్టే చేయనివ్వండి, ఎవరూ మధ్యలో పోవద్దు, పొడి మాత్రం నేను వేస్తాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కృష్ణవేణమ్మ నడవలో కూర్చుని, నానబెట్టిన అనపగింజలు పితుకుతూ ఉంది. పులుసుకు పితికిపప్పు. మునెమ్మ గంపతో తట్టలు తెచ్చింది, సర్దింది. నేను పొడి వేసే అర మూత తీశాను, ఏమీ వేయకుండా మూసేశాను, మిషన్ ఆన్ చేశాను. నీళ్లు చేరి రెక్కలు తిరగడం మొదలయ్యాక కాస్త ఆగి, ఆపి, తలుపు తీశాను.

అడుగున నురగ. తట్టల సందుల్లో నురగ. గ్లాసుల అంచుల నుంచి కారుతున్న నురగ.

“ఏం పొడి వేసినావక్కా, ఇంత నురగొచ్చింది?” అంది సుజాత.

“ఏ పొడీ వెయ్యలేదమ్మా.”

“మరి?”

“సామాన్లతో పాటే వచ్చింది.”

సుజాతకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. మునెమ్మ వైపు తిరిగింది. “ఇప్పుడేమంటావు? సబ్బు వేసినావా లేదా?”

“వేసినానమ్మా.”

“ఆ పొద్దు అడిగితే లేదన్నావే?”

“మిషన్‌లో వేసినావా అని అడిగినారు. మిషన్‌లో నేనేం వెయ్యలేదు. తట్టలకు పెట్టినాను.”

“నోరు సూడు! ఇంత తెలివి ఉండాది నీకు. చెంగమ్మక్కా, నువ్వే సాక్షి. నెలాఖరు కూడా వద్దు మునెమ్మా, రేపట్నుంచే రావద్దు.”

నేను తలుపు తీసి రుజువు చూపించింది తనను వదిలించడానికని మునెమ్మ అనుకుని ఉంటుంది. నా వైపు కూడా చూడలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది, గంపను గోడకు ఆనించింది, పెరటి తలుపు దాకా పోయింది. నడవలో అనపగింజల తొక్కు పడుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.

నేను నడవలోకి పోయి కృష్ణవేణమ్మ ఎదుట నిలబడ్డాను. “పెద్దమ్మా, మీరు కొత్తకోటకు పోయిన పొద్దు మునెమ్మ కూడా యాల రాలేదు?”

“పని మనిషి సంగతి నన్నడుగుతావేంది? రాలేదు, అంతే.”

“మీరు లేరని ఆమెకు ముందే తెలుసు కదా. మీరే రావద్దన్నారా?”

“నాకీ మిషన్ల గొడవ తెల్దు.”

“మిషన్ గురించి కాదు పెద్దమ్మా, సబ్బు గురించి అడుగుతాండాను.”

ఆమె ఇంకో గింజ పితికింది. తలుపు దగ్గర నుంచి మునెమ్మే అంది, “ఇడిసిపెట్టక్కా. పెద్దామెను యాల అట్ల నిలేస్తావు? నేను పోతాండాను కదా.”

అప్పుడు ఆగాయి కృష్ణవేణమ్మ చేతులు. గిన్నె పక్కన పెట్టింది.

“ఏయ్, యాడికి పోతావు? ఆడనే నిలబడు” అంది మునెమ్మను. తర్వాత కోడలి వైపు చూడకుండానే మాట్లాడింది. “నేనే చెప్పినాను సబ్బు పెట్టమని. నేను లేని పొద్దు రావద్దన్నది కూడా నేనే.”

“మీరా? యాలత్తా?”

“తిన్న తట్టలూ, వండిన సట్లూ, గ్లాసులూ అన్నీ ఒకే పెట్టెలో పెడతాండారు. పెట్టి, అవే నీళ్లు తిప్పి తిప్పి కొడతాదంట. ఈ చెంగమ్మే చెప్పింది. ఆ ఎంగిలి నీళ్లు సట్టి మీద పడవా? రేపు ఆ సట్టిలోనే కదా నేను వండేది, దేవునికి పెట్టేది? అందుకే తట్టల ఎంగిలి పోయేట్టు ముందే సబ్బు పెట్టి, తొట్టిలో ఒక ముంచు ముంచి తెమ్మన్నాను. మళ్లీ పెట్టె కడుగుతాది కదా, నీళ్లు యాల దండగ అని.”

“నాతో చెప్పింటే?”

“చెబితే నవ్వుతావు.”

“నేనెప్పుడు నవ్వినానత్తా?”

“నవ్వలేదు. నవ్వుతావని భయం. నీకు చెప్పొద్దని దీని చేత ఒట్టు కూడా పెట్టించుకున్నాను.” మునెమ్మను చూపించింది. “ఇది పోయేదాకా చూస్తా కూర్చున్నాను. అది నాదే తప్పు.”

సుజాత మిషన్ తలుపు మూసింది, మళ్లీ తెరిచింది. అత్త మీద కోపమో, మునెమ్మ ముందు సిగ్గో, నాకు తెలియదు. నేను ఒక పక్కకు నిలబడ్డాను. తోమే బిళ్ల సబ్బులో సుద్ద లాంటి తెల్లపొడి ఎక్కువ కలిపి ఉంటుంది. ఒక్క ముంచుకు అది వదలదు. ఇన్నాళ్లూ మేం పోల్చి చూసింది మూడు రకాల మిషన్ సబ్బులను అనుకున్నాం. మూడింటి కిందా ఉన్నది పెరటి గట్టు మీది ఒకే బిళ్ల. మూడు తట్టలూ ఒకేలా ఉండక ఏం చేస్తాయి?

ఒకటి మాత్రం నాకు ఆ నిమిషంలోనే తగిలింది. నీళ్లు తక్కువ పడతాయని నేను గొప్పగా చెప్పిన మాటే ఆ పెద్దామెకు మింగుడు పడని మాట అయింది. చెప్పేవాళ్లకు ఒకటి, వినేవాళ్లకు ఒకటి.

“మునెమ్మా, మనసులో పెట్టుకోవద్దు. రేపు రా” అంది సుజాత కాసేపటికి.

“వస్తానమ్మా.” మునెమ్మ కదల్లేదు. “ఎదురింట్లో మీరు చెప్పిన మాటో?”

“చెబుతాలే.”

“చెబుతాలే అంటే ఎప్పుడమ్మా? పొద్దున్నే వాళ్లింటికి పోవాల నేను. ఆమె మళ్లా తాళాలు తీసి నడుముకు చెక్కుకుంటాది. నేను సూడనట్టు పని చెయ్యాల.”

సుజాత ముఖం ఎర్రబడింది. ఆమె నోరు తెరిచే లోపల కృష్ణవేణమ్మ గోడ పట్టుకుని లేచింది.

“నా చెప్పులు యాడుండాయి?”

“యాడికత్తా?”

“ఎదురింటికి. మునెమ్మా, నువ్వు కూడా రా.”

ఆమె ఇల్లు కదిలే మనిషి కాదని నాకు తర్వాత తెలిసింది. ఎదురింట్లో పెళ్లి జరిగినా కోడలిని పంపించడమే కానీ తను పోవడం లేదట. వీధి దాటడానికే చాలాసేపు పట్టింది. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. ఎదురింటామె వాకిట్లోకి వచ్చింది.

“ఏం వేణక్కా, ఇంత దూరం వచ్చినావే?”

“మా ఇంట్లో బోకులు పాడు చేసింది నేను. మునెమ్మ కాదు. అది చెప్పి పోదామని వచ్చినాను.”

“మిషన్ పాడు చేసేంత పనితనం నీకెప్పుడొచ్చిందక్కా?” అని ఆమె నవ్వింది.

“నవ్వేది తర్వాత నవ్వచ్చు. నేను చెప్పింది ఇనినావా?”

“ఇనినాన్లే అక్కా.”

“ఏమని ఇనినావు?”

ఎదురింటామె నవ్వు ఆపింది. మునెమ్మ వైపు ఒకసారి చూసింది. “మునెమ్మ ఏం చెయ్యలేదని.”

“నిన్ను ఇంకెవురైనా అడిగితే అదే చెప్పు” అని కృష్ణవేణమ్మ వెనక్కి తిరిగింది. మునెమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని వీధి దాటించింది.

ఆ సాయంత్రం మేం నలుగురం వంటింట్లో కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. తిన్న తట్టలు, గ్లాసులు ఒక విడత. మెతుకులు దులపడమే, సబ్బు ముట్టకూడదు. అది అయ్యాక మిషన్‌ను ఖాళీగా ఒకసారి నీళ్లతో తొలిచి, అప్పుడు వంట సట్లు రెండో విడత. దేవుని సామాను, ఇత్తడి ఎట్లాగూ చింతపండుతో చేత్తోనే. కరెంటు కాస్త ఎక్కువ కాలుతుందని సుజాత అంది. “కాలనీ” అంది అత్త. కోడలు నవ్వింది. పెద్దామె ఆ నవ్వును ఒక నిమిషం అనుమానంగా చూసి ఊరుకుంది.

పద్ధతి మారాక మూడు రకాలనూ మళ్లీ మొదటి నుంచి వేసి చూశాం. ఈసారి తేడా కనబడింది. తట్టలు మూడింటికీ శుభ్రంగానే వచ్చాయి. గ్లాసులు జెల్‌కు కాస్త ఎక్కువ మెరిశాయి. సంగటి సట్టికి జెల్ ఓడిపోయింది, ఎంజైమ్ ఉన్న పొడి, టాబ్లెట్ రెండూ గెలిచాయి. కానీ రోజుకు రెండు చిన్న విడతలు వేసే ఇంటికి టాబ్లెట్ కలిసి రాదు, ప్రతి విడతకూ నిండు బిళ్ల పోవాలి. పొడినైతే పంచుకోవచ్చు. కాబట్టి ఆ ఇంటికి పొడి. వేరే ఇంటికి వేరేది కావచ్చు. ఏ పొడి మంచిదని ఊరికే అడిగితే ఇప్పుడు నేను జవాబు చెప్పను.

ఫిర్యాదు వచ్చిన ఇంటికి పోయినప్పుడు పొడి డబ్బా వెంటనే తెరవడం మానేశాను. ఆ ఇంట్లో గిన్నె చేత్తో పట్టుకునేది ఎవరో వాళ్లను పెరట్లోకి పిలుస్తాను. మిగతావాళ్లను రానివ్వను. మిషన్‌లో పెట్టకముందు ఏం చేస్తారో నోటితో చెప్పొద్దు, చేసి చూపించమంటాను. అందరి ఎదుట అడిగితే వాళ్లు చెప్పరు. వాళ్ల దగ్గర ఉన్న నిజం చాలాసార్లు ఆ ఇంటివాళ్లది, దాన్ని బయట పెట్టడం తమ పని కాదనుకుంటారు. పని పోతున్నా అనుకుంటారు. కడిగేవాళ్లను అడగకుండా సబ్బుల తేడా తేల్చడం కుదరదు. నాకు పుంగనూరు నేర్పింది అంతే.